పాత 800 వేడెక్కితే వణుకుతోంది, ఘాట్ ఎక్కడం లేదు: తప్పు ఈ-20 పెట్రోలుదా, ఇంజనుదా?

కోట జంక్షన్ (విజయనగరం)

మాది 2004 మారుతి 800, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు వెళ్ళే రకం). నాన్నగారు కొన్న బండి. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో తొమ్మిదేళ్ళు ఎల్‌పీజీ కిట్ మీద నడిచింది, 2018లో కిట్ తీయించేశాం.

పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. ఓ పావుగంట తిరిగి ఇంజను వేడెక్కాక ఎక్కడైనా ఆగితే చాలు, స్టీరింగు, అద్దం, డాష్‌బోర్డు అన్నీ గజగజలాడతాయి. పోయిన నెల కొరాపుట్‌లో అక్క ఇంటికి బయల్దేరాం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే సెకండ్ గేరులో కూడా లాగలేదు. వెనక లారీ హారన్ కొడుతోంది, వెనక సీట్లో అమ్మ. పక్కకి తీసి ఆపేశాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

షెడ్డులో మూడు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు మార్చారు. త్రాటిల్ బాడీ కడిగారు. తర్వాత పెట్రోలు పంపూ మార్చారు. 9,000 దాకా అయింది, తేడా ఏమీ లేదు. ఇప్పుడేమో “అంతా ఈ-20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లే, పాత బండ్ల పని అయిపోయింది, అమ్మేసుకోండి” అంటున్నారు. నిజమేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

నిజమేనండి. ఈ-20కి తగ్గ రబ్బరు, ప్లాస్టిక్ సామాను 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలోనే తప్పనిసరిగా వేస్తున్నారు. మీది 2004ది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. పాత పెట్రోలు కోసం తయారైన కార్లకి ఈ-20 పోస్తే మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే రాశారు.

పైగా ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. మనది సముద్రం పక్క ఊరు, తుపానులు వస్తే వారాల తరబడి గాలంతా నీళ్ళే. సగం ట్యాంకుతో నెలలు నిలబెట్టిన బండి ఏమవుతుంది? నా పాత స్కూటరు పెట్రోలు గొట్టం వంచితే పుటుక్కున విరిగింది, కార్బ్యురేటర్‌లో రబ్బరు వాషర్లు ఉబ్బిపోయాయి. కళ్ళారా చూశాను. మామూలు పెట్రోలంటే ఇప్పుడు ఈ-20యే, వేరేది పోయించుకుందామన్నా మనకి వీలు లేదు. జనం డబ్బు పెట్టి కొనుక్కున్న బండ్లు ఇలా పాడవుతుంటే కడుపు మండిపోతోంది.

రాజాం షెడ్డు

గొట్టాల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం, నేనూ రోజూ చూస్తున్నాను. కానీ ఈ కారు జబ్బు అది కాదని నా నమ్మకం.

6–7 శాతం తగ్గితే బంకు దగ్గర జేబుకి తెలుస్తుంది. ఘాట్‌లో సెకండ్ గేరు లాగలేదంటే ఆ లెక్క వేరు. మూడు సిలిండర్లలో ఒకటి మానేస్తే ఇంజను బలంలో ఇంచుమించు మూడో వంతు పోతుంది. ఇంకో మాట. మూడు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకు పెట్రోలు. అది చెడ్డదైతే మూడూ బాధపడాలి. కాబట్టి ముందు మూడూ బాధపడుతున్నాయా, ఒకటేనా అన్నది తేల్చుకోవాలి. తొమ్మిది వేలు ఖర్చయినా ఆ చిన్న పని ఎవరూ చేయలేదు. నాకు బాధ అక్కడే.

ఇంజను బాగా వేడెక్కనిచ్చి, ఐడిలింగులో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి, సిలిండర్‌కి పెట్రోలు చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ కరెంటు సాకెట్టు తీసి మళ్ళీ పెట్టండి. ప్లగ్ వైరు పీకే పాత పద్ధతి వద్దు. షాకు కొడుతుంది, కాలని పెట్రోలు వెళ్ళి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. మంచి సిలిండర్ సాకెట్టు తీస్తే ఇంజను కుంగుతుంది. ఏది తీస్తే తేడా ఉండదో అదే దొంగ. తర్వాత సైలెన్సర్ గొట్టం మూతి దగ్గర ఒక కాగితం ముక్క పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజను దాన్ని ఒకే తీరుగా బయటికి ఊదుతుంది. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే మధ్యమధ్య లోపలికి పీల్చుకుంటుంది.

మీరు రాసినదాంట్లో రెండు మాటల దగ్గర ఆగిపోయాను: “వేడెక్కాక”, “ఎల్‌పీజీ”. ఏళ్ళ తరబడి గ్యాస్ మీద నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటికి పోయే తలుపు) ఆనుకునే సీటు అరిగి, వాల్వు హెడ్డులోకి (సిలిండర్ల పైభాగంలోకి) దిగుతుంది. దిగిన కొద్దీ దాని కాడ పైకి వచ్చి ట్యాపెట్ సందు (కాడకీ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో మూసుకుంటుంది, వేడికి కాడ సాగితే మూసుకోదు. గాలి కారిపోతుంది, వాల్వు అంచు కాలుతుంది.

బొబ్బిలి రోడ్డు

కన్వర్టర్ మూసుకుపోయినా ఘాట్ ఎక్కదు కదండీ?

రాజాం షెడ్డు

ఎక్కదు. వ్యాక్యూమ్ గేజి పెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడండి. ముల్లు మెల్లగా దిగిపోతూ ఉంటే పొగ దారిలో అడ్డం ఉన్నట్టు. కానీ అదైతే మూడు సిలిండర్లకీ ఒక్కలాగే ఊపిరాడదు, ఐడిలింగులో ఇంత కుదుపు ఉండదు.

నాగావళి ఒడ్డు

మేస్త్రి గారూ, మీ లెక్కలో ఒక సందు ఉంది. ఇథనాల్ పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి లాక్కొస్తుంది. అది పోయి ఒక్క ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటే ఆ ఒక్క సిలిండరే మిస్సింగ్ కొడుతుంది (సరిగ్గా మండదు). పెట్రోలు తప్పయినా మూడూ బాధపడాలని లేదు.

రాజాం షెడ్డు

సరైన మాట అన్నారు, ఒప్పుకుంటున్నాను. అందుకే తీర్పు ఇంజనుతోనే చెప్పిద్దాం. చచ్చిన సిలిండర్ ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌లో పెట్టి, పక్కదాన్ని ఇక్కడ పెట్టండి. మిస్సింగ్ ఇంజెక్టర్‌తో పాటు వెళ్తే మీరన్నదే నిజం. కదలకుండా అక్కడే ఉంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) గేజితో చూడాలి. మూడు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ సాకెట్లూ, కాయిల్ సాకెట్టూ పీకేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి చూడండి. యాక్సిలరేటర్ వదిలేసి చూస్తే అంకెలు తప్పు వస్తాయి.

కోట జంక్షన్ (విజయనగరం)

ఆదివారం ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళి, దగ్గర నిలబడి చేయించాను.

ఒకటో సాకెట్టు తీస్తే ఇంజను ఆగిపోబోయింది. రెండోదీ అంతే. మూడోది తీస్తే ఏమీ మారలేదు, అదే వణుకు. రెండు, మూడు ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చాం. మిస్సింగ్ మూడోదాంట్లోనే ఉండిపోయింది. కాగితం పట్టుకుంటే టపటపమని బయటికి కొట్టుకుంటూ, ఉన్నట్టుండి గొట్టం మూతికి అతుక్కుని మళ్ళీ వదిలేసింది. అది చూశాక షెడ్డు కుర్రాడు ఇక మాట్లాడలేదు, గేజి తెచ్చాడు.

కంప్రెషన్ 165, 160, 95 పౌండ్లు. మూడోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 100. పిస్టన్ రింగులు పోతే ఆయిల్ పోయగానే బాగా పెరిగేదట, కాబట్టి వాల్వు వైపే అన్నాడు. ఇంజను చల్లారాక ట్యాపెట్ కవరు తీశాం. మూడో ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజిలో (సందు కొలిచే రేకుల కట్టలో) అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు. సందు సరిచేసి బిగించాక 140 వచ్చింది. వణుకు సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. హెడ్డు దించాలా, ఇలాగే నడపవచ్చా?

నాగావళి గారూ, మీ మాట మీద పెట్రోలు గొట్టాలు కూడా చూపించాను. ట్యాంకు దగ్గర ఒకటి వేలితో నొక్కితే పగుళ్ళు విచ్చుకున్నాయి. ఈ-20కి పనికొచ్చే రకం వేయించాను.

నాగావళి ఒడ్డు

మంచి పని చేశారు. వణుకు విషయంలో నేను పొరబడ్డాను, వాల్వుదే తప్పు. గొట్టం విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. అది ఘాట్ మీద, వేడి ఇంజను పక్కన చిట్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తోంది. పాత బండ్లున్న వాళ్ళందరూ ముందు అది చూసుకోండి.

రాజాం షెడ్డు

140 దగ్గర ఆగిందంటే అంచు అప్పటికే కాలింది బాబూ. ఊళ్ళో నెమ్మదిగా తిరగండి, హెడ్డు దించేదాకా ఘాట్ వద్దు. దించాక మూడో ఎగ్జాస్ట్ వాల్వుని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. అంచు మీద గాడి పడి ఉంటే పేస్టు పెట్టి రుద్ది సరిపెడతామంటే ఒప్పుకోవద్దు, కొత్త వాల్వు వేయించి సీటు కట్ చేయించండి. బిగించాక ఆరింటికీ ట్యాపెట్ సందు చూడమనండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూపించి, మూడు అంకెలూ ఇక్కడ రాయండి.