స్ట్రోక్ తర్వాత మాట రావడం లేదు, సుప్రభాతం మాత్రం పొల్లుపోకుండా పాడుతున్నారు. ఎలా?

తెనాలి_అమ్మాయి:
మా నాన్నగారికి ఎండాకాలంలో స్ట్రోక్ వచ్చింది. మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు, మాట అయితే పూర్తిగా పోయింది. ఏం అడిగినా "అదే... అదే..." అంటారు, అంతకు మించి రాదు, కాసేపటికి కోపం వచ్చి మొహం తిప్పేసుకుంటారు. డిశ్చార్జ్ కాగితం మీద బ్రోకా అఫేసియా అని రాశారు, మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని అఫేసియా అంటారట, ఇది అందులో ఒక రకం. ఇంతవరకు సరే. కానీ పొద్దున్నే అమ్మ సుప్రభాతం పెడితే దానితో పాటు శ్లోకం తర్వాత శ్లోకం పాడేస్తున్నారు, మాటలు స్పష్టంగా వస్తున్నాయి. మొన్న మా అబ్బాయి పన్నెండో ఎక్కం చదువుతూ మధ్యలో ఆగితే మిగతాది ఈయన అందుకున్నారు. అదే మనిషి మంచినీళ్లు కావాలని అడగలేరు! చూడ్డానికి వచ్చిన చుట్టాలు "పాట వస్తుంది గానీ మాట రాదా, అంతా మొండితనం" అని ఆయన ముందే అంటున్నారు. అసలు ఆయనకు ఇవన్నీ అర్థమవుతున్నాయా? ఆ పాటను పట్టుకుని మాట తెప్పించే దారి ఏమైనా ఉందా?

స్పీచ్_థెరపిస్ట్_హైద్:
ముందుగా చుట్టాల సంగతి. ఆ మాట ఇంకెవ్వరూ ఆయన ముందు అనకుండా చూడండి, ఎందుకంటే బ్రోకా రకంలో వినే మాటలు చాలావరకు అర్థమవుతాయి. చిక్కు వాక్యాల దగ్గరే తడబాటు. "పులి చంపిన సింహం" అన్నామనుకోండి, చచ్చింది ఏదో తేల్చుకోవడం కష్టం కావచ్చు. "మొండివాడు" అంటే మాత్రం నేరుగా తగులుతుంది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన లెబోర్న్ అనే రోగి ఏం అడిగినా "టాన్ టాన్" అనేవాడు, ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. చెప్పింది బాగానే అర్థం చేసుకునేవాడు, సైగలతో జవాబు చెప్పేవాడు, ఎదుటివాళ్లకు అర్థం కాక విసుగొస్తే ఒక తిట్టు మాత్రం పూర్తిగా బయటికొచ్చేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉంది. మీ నాన్నగారి "అదే" కూడా అలాంటిదే. తిట్లు, అంకెల వరస, వారాల పేర్లు, ప్రార్థనలు, ఎక్కాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి నోటికి పట్టిన వరసలు. మొదలు అందితే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. "మంచినీళ్లు కావాలి" అలా కాదు, ఆ క్షణంలో మాటలు వెతికి, వరసలో పెట్టి, నోటిని కదిలించాలి. దెబ్బ తగిలింది సరిగ్గా ఆ పనికే.

నాడీశాస్త్రం_చదువుతున్నా:
పై జవాబుకు కొంచెం కలుపుతాను. చెవిలోంచి వచ్చే శబ్దం మెదడులో రెండు వైపులా, చెవుల పైన ఉండే భాగాలకు చేరుతుంది. స్థూలంగా చెప్పాలంటే స్వరం ఎక్కిందా దిగిందా అన్నది పట్టడంలో కుడి వైపుది పైచేయి, "ప", "బ" లాంటి అతి వేగమైన తేడాలు పట్టడంలో ఎడమ వైపుది. కుడిచేతి వాటం ఉన్న ఎక్కువమందిలో భాష ఎడమ వైపే ఉంటుంది కాబట్టి అక్కడ దెబ్బ తగిలినా రాగం మిగులుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, మాట పోయినా చర్చి కీర్తనలు పాడగలిగే ఒక మనిషి గురించి స్వీడన్‌లో 18వ శతాబ్దంలోనే రాసి పెట్టారు. రష్యన్ సంగీతకారుడు షెబాలిన్ అయితే 1959లో స్ట్రోక్ వచ్చి మాట, అర్థం చేసుకోవడం రెండూ బాగా దెబ్బతిన్నా ఆ తర్వాత కూడా సింఫనీ రాశాడు.

కానీ "కుడి మెదడు పాడుతుంది" అని అక్కడితో ఆపేస్తే సరిపోదు. 2011లో జర్మనీలో 17 మంది అఫేసియా రోగులతో చేసిన అధ్యయనంలో అవే మాటలు పాడినప్పుడు, లయతో పలికినప్పుడు పెద్ద తేడా కనిపించలేదు. సాయపడింది లయ, ఇంకా ఆ మాటలు ముందే నోటికి వచ్చి ఉండటం. మీ నాన్నగారు రాగం లేని ఎక్కం కూడా చెప్పారు చూడండి, దానికీ దీనికీ సరిపోతోంది.

తెనాలి_అమ్మాయి:
చాలా థాంక్సండి, ఇది అమ్మకు చదివి వినిపించాను. అయితే రోజూ సుప్రభాతం ఎక్కువసేపు పాడిస్తే మాట వస్తుందా? ఇంకో డౌట్, ఆయన రైల్వేలో చేశారు, ఇంగ్లీషు, హిందీ కూడా బాగా వచ్చు. ఏ భాషలో ప్రాక్టీసు చేయించాలి?

స్పీచ్_థెరపిస్ట్_హైద్:
సుప్రభాతం ఎంత పాడినా సుప్రభాతమే వస్తుందండి, అది ఆయన సంతోషం కోసం పాడనివ్వండి. మాట కోసం చేసేది వేరు. 1973లో బోస్టన్‌లో మొదలైన మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అని ఒకటుంది. ఆయనకు ఎదురుగా కూర్చుని, ఆయన ఎడమ చేతిని మీ చేతిలోకి తీసుకుని, "నీ-ళ్లు-కా-వా-లి" అని ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తడుతూ, రెండే స్వరాల్లో, సాగదీసి పలకండి. ముందు మీరొక్కరే, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత మీరు మధ్యలో ఆపేసి ఆయన్ని పూర్తి చేయనివ్వడం. అది కుదిరాక రాగం తగ్గించుకుంటూ మామూలు మాటలోకి రావాలి. ఆయనకు రోజూ పనికొచ్చే మాటలే తీసుకోండి, కాఫీ, బాత్రూమ్, ఫ్యాన్, మనవడి పేరు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పను, మొదటిసారి మాత్రం థెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి.

భాష సంగతి, ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగే. ఎక్కువమందిలో వచ్చిన భాషలన్నీ కలిసే దెబ్బతిని కలిసే కోలుకుంటాయి, కొందరిలో ఒకటి ముందు వస్తుంది. ఇంగ్లీషు మాట ముందొస్తే ఆపకండి, అదీ మాటే. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి 2016లో ప్రచురించారు. ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్లలో ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు దాదాపు 40 శాతం, ఒకే భాష వచ్చినవాళ్లలో దాదాపు 20 శాతం. అఫేసియా మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు సమానంగానే ఉంది. అంటే పలు భాషలు రావడం మాటను కాపాడలేదు, మిగతా ఆలోచనకు అండగా ఉన్నట్టు కనిపిస్తోంది.

ఖమ్మం_కోడలు:
మా మామగారికి ఇదే వచ్చింది కాబట్టి ఇంట్లో పనికొచ్చేవి చెప్తాను. గట్టిగా అరిచి మాట్లాడకండి, చెవులు బాగానే ఉంటాయి, నెమ్మదిగా ఒక్కరే మాట్లాడండి, టీవీ కట్టేయండి. పెన్ను, కాగితం ఇచ్చి రాయమంటారు చాలామంది, రాయడం కూడా మాటతో పాటే పోయి ఉంటుంది, దాంతో ఇంకా టెన్షన్ పడతారు. "అవును", "కాదు" తారుమారవుతుంటాయి. మా మామయ్యగారు తల అవునని ఊపుతూ నోటితో "కాదు" అనేవారు, ఇడ్లీ వద్దన్నారని మా అత్తయ్య ప్లేటు తీసేస్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు. అందుకని కాఫీ గ్లాసు, నీళ్ల గ్లాసు రెండూ ఎదురుగా పెట్టి ఏది కావాలో చూపించమనండి. మాట వెతుక్కుంటున్నప్పుడు వెంటనే మీరు అందించకండి, కాసేపు ఆగండి.
తెనాలి చుట్టుపక్కల స్పీచ్ థెరపీ చేసేవాళ్లు తెలిసినవారు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి, వీళ్లకు ఇప్పుడు కావలసింది అదే.