పూడికతీత వస్తోంది, చెట్ల మీద గూళ్లున్నాయి: ఏం అడగాలి?

ప్రశ్న: మాది దొరవారిసత్రం పక్కన. చెరువులో నీటికడప చెట్ల మీద, సర్కారు తుమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. వేసవిలో పూడిక తీస్తారట. చిత్తడి నేలల నిబంధనల కింద అర్జీ పెడితే ఆగుతుందా అండీ?

జవాబు: అది నిలవదండీ. సాగునీటి కోసం కట్టిన చెరువులను 2017 నిబంధనలు లెక్కలోకి తీసుకోవు. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉంటుంది, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఉండాలి. ఆ కమిటీ రిజిస్టర్‌లో గూళ్లున్న ప్రతి చెట్టునూ ఎక్కించండి. పని అంచనా తయారు కాకముందే గ్రామసభలో తీర్మానం చేయించండి. పని ఆపమని మాత్రం అడగొద్దు, ఆయకట్టు రైతులు దూరమవుతారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత లోతు అన్నదే అడగండి.

మరో జవాబు: తేదీ చూసి మొదలుపెట్టనివ్వకండి, గూళ్లు చూసి మొదలుపెట్టించండి. గూడబాతు గుడ్డు నెల రోజులు పొదగాలి, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలల పైనే. జనవరిలో పెట్టిన గుడ్డు తాలూకు పిల్ల మే నెలలోనూ గూట్లోనే ఉంటుంది.

చెట్ల కింద నీళ్లే వాటికి కాపలా. ఎండితే కుక్కలు, అడవి పిల్లులు మొదలు దాకా వచ్చేస్తాయి, పక్షులు గూళ్లు వదిలేస్తాయి. అందుకని తూము మట్టానికి కింద చెట్ల చుట్టూ లోతు చేయించండి. ఆ నీళ్లు తూములోంచి పోవు, ఆయకట్టుకూ నష్టం లేదు. జేసీబీ మాత్రం కొమ్మల నీడకు పది మీటర్లు ఎడంగానే ఆగాలి, వేర్లు తెగితే చెట్టు మరుసటి గాలివానకే ఒరుగుతుంది. తీసిన మట్టి మొదళ్లకు పోయనివ్వకండి, పొలాలకు తోలించండి.

ఒక వైపు అంచు పది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉండాలి. కొంగ మేసేది జానెడు నీళ్లలో. నిలువునా గోతులు తవ్వితే వాటికి మేత దొరకదు, గొడ్లు కూడా దిగబడతాయి.

ప్రశ్న: తుమ్మ మొత్తం పీకేస్తామంటున్నారు. మంచిదే కదా అన్నా?

జవాబు: ఒక్కసారిగా వద్దు తమ్ముడూ. గూళ్లు లేనివే ముందు తియ్యండి, అదీ మొదలంటా పెకలించాలి. నరికి వదిలితే గుబురుగా చిగురిస్తుంది. ఆ చోట నడుమెత్తు నీటికడప మొక్కలు నాటి, మేకలు తినకుండా కంప చుట్టండి. అవి గూళ్లు మోసేంత ఎదిగాకే మిగతా తుమ్మ జోలికి వెళ్లాలి.