హార్బర్‌లో డైవర్లు వదిలేసిన గాలి హోస్ మా బోటు ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) చుట్టుకుంది, ఇంకెవరికైనా తగిలిందా?

విశాఖ_సరంగు:
జెట్టీ వదిలి ఛానెల్లోకి తిరుగుతుంటే ఇంజిను మూలిగి ఆగిపోయింది. వల పడిందనుకున్నాం. కళాసీ దిగి తడిమితే పసుపు గాలి గొట్టం, దాంతో పాటు తాడూ వైరూ టేపు వేసి కట్టినవి. ఓడల అడుగు గీకేవాళ్ల సామానే. వెనక పెద్ద ఓడ వస్తోంది. పక్క బోటువాళ్లు తాడేసి లాగారు కాబట్టి సరిపోయింది.

నీటికింద_పని:
దాన్ని అంబిలికల్ అంటారు. గాలి హోస్, లోతు చూపే సన్న గొట్టం, మాట్లాడే వైరు, ప్రాణతాడు అన్నీ కలిపి కడతారు. కత్తికి లొంగదు, హ్యాక్సా పట్టాల్సిందే. ఖరీదైన సరుకు, మంచిది ఎవడూ పారేయడు. గాలి కారే ముక్కని కోసి నీళ్లలోకి తోసేస్తారు. లేదా ఓడ కదిలే టైమైందని కాంట్రాక్టరు అరిస్తే తాళ్లు కిందే వదిలి పైకొచ్చేస్తారు. ఆ బురదలో మన చెయ్యి మనకే కనపడదు, మళ్లీ దిగి వెతికేదెవరు?

ఉప్పాడ_కుర్రోడు:
హోసులు ఎక్కడో ఒకటి అన్నా. అసలు గోల నైలాను వలలే. వేట నిషేధం 61 రోజులూ బోట్లు కట్టేసి ఉంటాయి, జూన్ 15న ఫ్యాను చూసుకోకుండా బయల్దేరితే అంతే.

షార్జా_డెక్:
వలైనా హోసైనా ఫ్యానుకి తేడా తెలీదు తమ్ముడూ. 1993 అక్టోబరులో దక్షిణ కొరియాలో సోహే ఫెర్రీ మునిగి 292 మంది పోయారు. పరిమితికి మించి ఎక్కించారు, గాలివాన కూడా ఉంది. కానీ తర్వాత చూస్తే ఫ్యాన్లు తిప్పే షాఫ్టులకి నైలాను తాడు చుట్టుకుని ఉంది. 2005 ఆగస్టులో కమ్చట్కా దగ్గర రష్యా చిన్న జలాంతర్గామి వలల్లో ఇరుక్కుంటే బ్రిటన్ రోబో వచ్చి కోసి ఏడుగురినీ బయటపడేసింది. జలాంతర్గామికే దిక్కులేకపోతే మన బోట్లెంత!
సరంగు గారూ, గొట్టం తీశాం కదా అని ఊరుకోకండి. షాఫ్టు వేడికి తాడు కరిగి నీళ్లు రాకుండా ఆపే సీల్లోకి దూరుతుంది, నీళ్లు కారడం తర్వాత మొదలవుతుంది. స్లిప్‌వే (బోటుని ఒడ్డుకి లాగే వాలు) ఎక్కించి చూపించండి.

ఉప్పాడ_కుర్రోడు:
మావాళ్లకి వలలో డైవింగ్ సిలిండరు పడింది. పాత ఇనుముకి వేద్దామంటున్నారు.

నీటికింద_పని:
ముట్టుకోవద్దని చెప్పు! నిండుగా ఉంటే లోపల దాదాపు 200 బార్. కారు టైరులో రెండూ రెండున్నర ఉంటుంది, లెక్క వేసుకో. వాల్వు మెడని ఉప్పునీళ్లు తినేసి ఉంటాయి, సుత్తి దెబ్బ పడితే ఎటు ఎగురుతుందో తెలీదు. నీడలో పెట్టి పోర్టువాళ్లకి కబురు చెయ్యండి. గాలి బాగానే ఉందని ఎవడైనా పీల్చి చూస్తాడేమో, అది అసలే వద్దు: ఉక్కు సిలిండర్లో తేమ ఉంటే తుప్పు లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది, మనిషి వాసన కూడా పట్టకుండానే స్పృహ తప్పుతాడు. అల్యూమినియందైతే ఇంకో చిక్కు, ఖాళీ అయ్యాక తేలుతుంది. రాత్రి పూట చిన్న బోటుకి ఎదురైతే కనపడదు.

విశాఖ_సరంగు:
గొట్టం దాచాను. కంపెనీ పేరు గీకేసి ఉంది.

నీటికింద_పని:
కప్లింగ్ (గొట్టం బిగించే జాయింటు) దగ్గర చూడన్నా, టెస్టు చేసిన ట్యాగు ఉండొచ్చు. దాని నంబరు దొరికితే ఎవరిదో లాగొచ్చు.

విశాఖ_సరంగు:
రేకు ముక్క ఒకటుంది, తుప్పు పట్టేసింది. కిరోసిన్ రాసి సాయంత్రం ఫోటో పెడతా.