కొత్త థ్రాటిల్ బాడీ వేసినా మళ్లీ పి2135 కోడు: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (డాలస్ శివార్ల నుంచి)

నమస్కారం. నా దగ్గర బాగా తిరిగిన ఎనిమిది సిలిండర్ల పెట్రోలు పికప్ ట్రక్కు ఉంది. ట్రైలర్ తగిలించుకొని ఎత్తు ఎక్కేటప్పుడో, గతుకుల దారిలోనో ఉన్నట్టుండి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఇక పెడల్ ఎంత తొక్కినా బండి లాగదు. పక్కకు తీసి, ఇంజన్ కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్ పి2135 కోడు చూపుతోంది. ఒక గ్యారేజీవారు పరీక్షలేవీ చేయకుండానే, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ పోయిందని చెప్పి కొత్తది బిగించారు. కొన్నాళ్లకు అదే కోడు మళ్లీ వచ్చింది. ఇప్పుడేమో యాక్సిలరేటర్ పెడల్ మార్చాలంటున్నారు. మళ్లీ డబ్బు పెట్టే ముందు మల్టీమీటర్‌తో నేనే చూసుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

పెడల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పెడల్‌లోని రెండు సెన్సర్ల మధ్య పొంతన కుదరకపోతే సాధారణంగా పి2138 వస్తుంది. పి2135 అంటే థ్రాటిల్ బాడీలోని రేకు ఎంత తెరుచుకుందో కొలిచే రెండు సెన్సర్ల సంకేతాలు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదని అర్థం. ఆ రెండింటిలో దేన్ని నమ్మాలో కంప్యూటర్‌కు తెలియనప్పుడు అది రేకును తిప్పే మోటారుకు కరెంటు ఆపేస్తుంది. అప్పుడు స్ప్రింగు రేకును కొద్దిగా తెరిచి పట్టుకుంటుంది కనుక, బండిని రోడ్డు పక్కకు తీసుకుపోయేంత శక్తి మాత్రమే మిగులుతుంది. సెన్సర్లు బాగానే ఉండి, వాటి సంకేతాలను మోసే తీగల్లోనో పిన్నుల్లోనో లోపమున్నా ఇదే కోడు వస్తుంది. పాతదానితోనూ కొత్తదానితోనూ ఒకే కోడు వచ్చిందంటే నా అనుమానమంతా వైరింగ్ మీదే.

స్కానర్‌లో రెండు సెన్సర్ల వోల్టేజీలను పక్కపక్కన పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రమే ఆన్ చేసి, పెడల్‌ను నెమ్మదిగా తొక్కండి. చాలా బండ్లలో ఒకటి పెరుగుతుంటే రెండోది అంతే తగ్గుతుంది. ఏ స్థానంలోనైనా రెండింటినీ కూడితే ఇంచుమించు 5 వోల్టులు రావాలి. కొన్ని బండ్లలో రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి మీది ఏ రకమో సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. మొదటి రకమైతే ఆ మొత్తమే మీకు దారి చూపిస్తుంది. రెండు సెన్సర్లకూ 5 వోల్టుల సరఫరా, ఎర్తు ఉమ్మడిగా ఉన్నప్పుడు, మొత్తం 5 కంటే తగ్గితే సరఫరా తీగలోనూ, పెరిగితే ఎర్తు తీగలోనూ లోపముందని అనుకోవచ్చు. ఒక సెన్సరు సక్రమంగా ఉండి రెండోది మాత్రమే ఎగిరిపడుతుంటే ఆ ఒక్క సంకేతపు తీగనే పట్టుకోండి.

ఒక హెచ్చరిక: కీ ఆన్‌లో ఉండి కనెక్టర్ తగిలించి ఉన్నప్పుడు థ్రాటిల్ రేకులో వేలు పెట్టకండి. మోటారు ఒక్కసారిగా మూసేస్తే వేలు నలిగిపోతుంది.

రెండవ సమాధానం (విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్)

పై సమాధానం సరైనదే. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా డీజిల్ పికప్‌లు. వాటిలో ఇంజన్ శక్తి డీజిల్ ఎంత చిమ్మాలన్నదాన్నిబట్టి ఉంటుంది కనుక, బండి లాగకపోతే మేము ముందు పెడల్ సెన్సర్ చూస్తాం. పెట్రోలు బండి కాబట్టి మీకు ఆ క్రమం వర్తించదు. వైరింగ్ వెతికే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

బరువు లాగేటప్పుడు, గతుకుల్లో మాత్రమే లోపం వస్తోందన్నారు. బరువు పడినప్పుడు ఇంజన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, దానితోపాటు తీగల కట్టా లాగబడుతుంది. అందువల్ల బండి కదలకుండా ఉన్నప్పుడు కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయని సంతృప్తి పడకండి. మరొకరిని స్కానర్ చూస్తూ ఉండమని, మీరు థ్రాటిల్ కనెక్టర్ నుంచి కంప్యూటర్ వరకు కట్టను జానెడు జానెడుగా వంచుతూ, లాగుతూ రండి. బ్రాకెట్లకు ఆనుకున్న చోట ప్రత్యేకంగా చూడండి. కనెక్టర్‌లోని పిన్ను పట్లు వదులయ్యాయేమో, పచ్చగా చిలుము పట్టిందేమో పరీక్షించండి. మీటరుతో ఓమ్స్‌లో (నిరోధం) కొలిస్తే దెబ్బతిన్న తీగ కూడా బాగున్నట్టే కనబడుతుంది. ఒక్క పోగు మిగిలినా మీటరుకు అది చాలు. కనెక్టర్ తగిలించి ఉండగానే వెనుకనుంచి సన్నని సూది పెట్టి, వోల్టేజీ చూడడమే నమ్మదగినది. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ ఎర్తు పట్టీ కూడా ఈ పనిలోనే బిగించి చూడండి.

బండి త్వరగా వేగం అందుకుంటుందని పెడల్ దగ్గర తగిలించే పెట్టె ఏదైనా ఉంటే, ముందు దాన్ని పీకి పక్కన పెట్టండి. అది లేకుండా పరీక్షిస్తేనే లెక్క తేలుతుంది.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాంటి పెట్టె ఏదీ లేదు. మా బండి మొదటి రకమే. కదపనంతసేపు మొత్తం 5 వోల్టుల దగ్గరే నిలిచింది, కానీ ఇంజన్ వెనుక భాగంలో ఒక ఇనుప బ్రాకెట్ మీదుగా వెళ్లే చోట కట్టను వంచగానే 4 కంటే కిందికి పడిపోయింది. టేపు విప్పి చూస్తే సరఫరా తీగపై తొడుగు అరిగిపోయి, రాగి పోగులు బయటపడి ఉన్నాయి. దీన్ని టేపు చుట్టి వదిలేయవచ్చా? ఐడిల్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కూడా కాస్త ఎక్కువగా ఉంది. ఇది వేరే సమస్యా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

టేపు సరిపోదు, వేడికి జిగురు కరిగి జారిపోతుంది. బ్యాటరీ విప్పి, దెబ్బతిన్న ముక్కను కత్తిరించి, అంతే మందమున్న తీగను మంచి క్రింపు జాయింటుతో కలిపి, లోపల జిగురుండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. తర్వాత కట్టకు ముడతల గొట్టం వేసి, బ్రాకెట్‌ను తాకకుండా కొత్త దారిలో క్లిప్పు పెట్టండి. ఇంజన్ ఒరిగినప్పుడు తీగ బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచాలి.

ఐడిల్‌కు కారణం బహుశా వేరు. కొత్త థ్రాటిల్ బాడీ బిగించినా, పాతదానిలోని మసి శుభ్రం చేసినా, రేకు మూసి ఉన్నప్పుడు లోపలికి వెళ్లే గాలి మారుతుంది. కంప్యూటర్ ఆ మార్పును కొత్తగా నేర్చుకోవాలి. చాలా బండ్లలో దీనికి స్కానర్‌లో ఐడిల్ రీలెర్న్ అనే పని ఉంటుంది, కొన్నింటిలో మాన్యువల్‌లో చెప్పిన వరుసలో కీ ఆన్ ఆఫ్ చేస్తే చాలు. మీ గ్యారేజీవారు అది చేసి ఉండకపోవచ్చు. రీలెర్న్ తర్వాత కూడా ఐడిల్ దిగకపోతే, థ్రాటిల్ బాడీ కింద గాస్కెట్ దగ్గర గాలి లీకవుతోందేమో చూడండి. కోడు చెరిపేసి, ట్రైలర్ తగిలించి అదే ఎత్తు ఎక్కించి చూసిన తర్వాతే మరమ్మతు పూర్తయినట్టు లెక్క.