సమస్యాపూరణం: గూఢచారి యింట గుట్టు లేదు

నిర్వాహకుడు: 'ద ఫ్యామిలీ మ్యాన్' వెబ్ సిరీస్ మూడో సీజన్ వచ్చిన దగ్గర్నుంచి మన సభ్యులు పద్యాలు మానేసి అందులోని గూఢచారి శ్రీకాంత్ తివారీ గురించే కొట్టుకుంటున్నారు. ఆ కొట్టుకునేదేదో ఛందస్సులో కొట్టుకోండి. పైన ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడూ మీవి. పూరణల్లో కథ బయటపడుతుంది, కాబట్టి ఇంకా చూడనివాళ్ళు చూశాకే రండి.

కృష్ణాతీరం: బోణీ నాదే.

పిల్లలడుగ నాన్న పెదవి విప్పెను నేడు
కొలువు సంగతంత గుమ్మరించె
ఏండ్ల నాటి బొంకు లింటిలో వీగెను
గూఢచారి యింట గుట్టు లేదు

మొదటి సీజన్ నుంచి మామూలు గవర్నమెంటు ఉద్యోగినని ఇంట్లో నమ్మించిన మనిషి ఈసారి పిల్లల ముందు నిజం చెప్పేశాడు కదా, అదే పట్టుకున్నాను.

పాతమాస్టారు: సమస్యకు నేరుగా వెళ్ళే దారి ఇది. గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) సరిపోయాయి. "గుమ్మరించె" మంచి మాట, దాచి దాచి ఒక్కసారి కుమ్మరించిన వేగం అందులో ఉంది. ఒక్కటే సవరణ: "గుమ్మరించె" తర్వాత అచ్చు వచ్చింది కనుక మూడో పాదాన్ని "నేండ్ల నాటి" అని మొదలుపెట్టండి. గణం మారదు, యతికీ భంగం లేదు.

కృష్ణాతీరం: అలాగే మాస్టారూ.

రామచిలుక: నాది యాక్షన్ పూరణ. జైదీప్ అహ్లావత్ వేసిన విలన్ రుక్మా పాత్ర కోసమే రెండుసార్లు చూశాను.

నాగ సీమ లోన వేట సాగుచునుండ
తనదె పేరు దొంగ దండు లోన
భార్య బిడ్డ తోడ బారిపో వలసెను
గూఢచారి యింట గుట్టు లేదు

పాతమాస్టారు: తమ్ముడూ, మొదటి పాదంలో యతి ఏది? నా-వే చెల్లదు. గణాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, అందుకే చదువుతుంటే చెవి మోసపోతుంది. ఆటవెలదిలో ప్రాసయతికి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలను కలపడానికి) అనుమతి ఉంది, దాన్ని వాడుకో: "నాగ సీమ లోన వేగాన వేటాడ". నాగ, వేగ: రెండుచోట్లా ముందున్నది గురువే, రెండో అక్షరం గకారమే. ఇక రెండో పాదం ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన పాదాలన్నిటిలోకీ నాకు నచ్చింది. శ్రీకాంత్ పైఅధికారి కులకర్ణిని చంపిన దాడి తర్వాత సొంత ఆఫీసే తన మీద అనుమానపడటం, ఆ కథంతా ఐదు గణాల్లో పట్టేశావు.

డల్లాస్ కోడలు: కానీ మాస్టారూ, పారిపోవడానికీ గుట్టు లేకపోవడానికీ లంకె ఎక్కడుంది? పారిపోయేవాడికి గుట్టే కదా కావాల్సింది.

పాతమాస్టారు: అమ్మా, ఆ మాట నిజం. మూడో పాదం దాకా కథ చెప్పి, సమస్యను చివర అతికించినట్టే ఉంది. రామచిలుక ఆలోచించుకోవాలి.

రామచిలుక: యతి దిద్దుకున్నాను. లంకె సంగతి రాత్రికి చూస్తా. ఒక్క మాట మాత్రం చెప్పాలి. రెండో సీజన్‌లో చెన్నై సన్నివేశాల్లో తమిళం తమిళంగానే వినిపించారు. ఈసారి నాగాలాండ్ కథలోనూ అక్కడి మాట వినిపించింది. అందరి చేతా హిందీ మాట్లాడించే సీరియళ్ళు చూసి విసిగిపోయినవాణ్ణి, అది నాకు బాగా నచ్చింది.

బందరు లడ్డు: మా ఇంటి సీను.

చూడకుండ ముందె చుట్టాల ఫోనులో
కథకు చివరి మలుపు కానుపించె
తెరను చూచు వారు దిక్కులు చూచిరి
గూఢచారి యింట గుట్టు లేదు

పాతమాస్టారు: "చూడకుండ ముందె" తప్పు. "చూడకుండానే", "చూడకముందే" కలగలిసిపోయాయి. "చూడ బోవు ముందె" అనండి, హాయిగా నడుస్తుంది. "తెరను చూచు వారు దిక్కులు చూచిరి" మాత్రం చదివి గట్టిగా నవ్వాను.

డల్లాస్ కోడలు: మీరంతా తుపాకుల వెంట పడ్డారు గానీ, నాకు ఈ సీరియల్ ఎప్పుడూ ఇంటి కథే. శ్రీకాంత్‌గా మనోజ్ బాజ్‌పాయ్, అతని భార్యగా ప్రియమణి ఎదురెదురుగా కూర్చుని పొడిపొడిగా మాట్లాడుకుంటుంటే వచ్చే టెన్షన్ ఏ ఛేజింగ్‌లోనూ రాదు.

దేశమంత గాచు ధీరుడే యైనను
జేబు వెదకు నాలు చీటి దొరక
ఫోను తీసి చూచు బుడుతడు నిత్యము
గూఢచారి యింట గుట్టు లేదు

కృష్ణాతీరం: అక్కా, అసలు గూఢచారులెవరో ఇప్పుడు తెలిసింది!

పాతమాస్టారు: సమస్యలోని వైరుధ్యం తీరిందంటే ఇక్కడే తీరింది. కథ తెలియనివాడికి కూడా ఈ పద్యం అర్థమవుతుంది, అది పెద్ద గుణం. "ఫో-బు" యతి చూసి ఎవరూ కంగారు పడకండి, పవర్గంలో ఓకార ఉకారాలకు మైత్రి ఉంది. "చీటి దొరక" దగ్గర మాత్రం అర్థం తడబడుతోంది: దొరికాక వెదుకుతుందా, దొరకాలని వెదుకుతుందా? "చీటి కొరకు" అంటే గణమూ అదే, గొడవా ఉండదు.

తిరుపతి కొండగాలి: దర్శకులు రాజ్, డీకే ఇద్దరూ మా ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివినవాళ్ళే. ఊరి అభిమానం కొండంత ఉంది. అయినా కోపం దాచుకోలేను. మొదటి సీజన్ పది ఎపిసోడ్లు, రెండోది తొమ్మిది, ఇది ఏడు! ఆ ఏడింట్లోనూ రుక్మా దొరకలేదు, శ్రీకాంత్ సంగతి తేల్చలేదు.

ముగియకుండ కథను మూట గట్టిరి వారు
నాలుగేళ్ళు వేచి నలిగినాము
మాయ మాట కాదె మనకు చెప్పిన మాట
"గూఢచారి యింట గుట్టు లేదు"

పాతమాస్టారు: సమస్యను ఒకరి మాటగా చెప్పి దాన్ని ఖండించడం అవధానాల్లో పాత ఎత్తే. ఇక్కడ అది పని చేసింది, ఎందుకంటే కోపం నిజమైనది. గుట్టు లేదంటున్నారు గానీ అన్నీ గుట్టుగానే వదిలేశారనే ఎత్తిపొడుపు బాగా తగిలింది.

బందరు లడ్డు: నాకొక సందేహం. రెండో సీజన్ 2021 జూన్‌లో, ఇది 2025 నవంబరులో. వేచింది ముందు, మూట కట్టింది తర్వాత. పద్యంలో అది తిరగబడింది.

తిరుపతి కొండగాలి: తిరగేద్దామంటే బేసి పాదం, సరి పాదం గణాలు వేరు కదండీ. అయినా కోపంలో ఉన్నవాడు ముందు తిట్టి, తర్వాతే కారణం చెబుతాడు.

పాతమాస్టారు: ఆ సమాధానం చెల్లుతుంది. "వేచి" అన్న మాటలోనే అది గడిచిన సంగతని తెలుస్తోంది. నేనైతే మార్చను.

డల్లాస్ కోడలు: నేను మాత్రం ముగింపు విషయంలో మీతో ఏకీభవించను. ఏడు ఎపిసోడ్లు ఇబ్బంది కాదు. ఇంట్లో నిజం చెప్పేశాక ఆ నలుగురి మధ్య ఏం మారిందో చూపించడానికి ఒక్క ఎపిసోడ్ అయినా నిలబడి ఉంటే సరిపోయేది. ఇంకో విలన్ మీరా, రుక్మా, ఆఫీసు, పరుగు: అన్నీ ఒకేసారి తోసేశారు.

రామచిలుక: లంకె దొరికింది. మూడో పాదం మార్చకుండా రెండోదాన్ని "తనదె పేరు టీవి తరచు చూపె" అన్నాను. పేరు టీవీకెక్కాక ఇంక గుట్టేముంది?

పాతమాస్టారు: త-త యతి కుదిరింది, లంకె కుదిరింది. కానీ ఆ దొంగ దండు పాదాన్ని చంపుకున్నావు కదరా!