నవలల్లోని, బొమ్మల నవలల్లోని పాత్రలను తరగతిలో ఎలా చదివించాలి?

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయిని, కందుకూరు

అందరికీ నమస్కారం. కందుకూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెబుతున్నాను. పదో తరగతి ఉపవాచకం రామాయణం కాబట్టి పాత్ర స్వభావం రాయమనే ప్రశ్న మా పిల్లలకు కొత్తేమీ కాదు. అయితే ఎవరి గురించి అడిగినా "ధైర్యవంతుడు, దయాగుణం కలవాడు, పెద్దలంటే గౌరవం కలవాడు" అనే మాటలే గైడులోంచి దిగుతాయి. పైన పేరు తీసేస్తే ఆ జవాబు ఏ పాత్రదో నేనే పోల్చుకోలేను. ఈ ఏడు గ్రంథాలయ పీరియడులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నుంచి కొన్ని భాగాలు, వీలైతే ఒక గ్రాఫిక్ నవల (బొమ్మల నవల) కూడా చదివించాలని అనుకుంటున్నాను. తరగతిలో 40 మందికి పైగా ఉన్నారు, పుస్తకాలేమో ఒకటి రెండు ప్రతులకు మించి దొరకవు. కాసేపు సరదాగా సాగి ముగిసిపోయే ఆటలు నాకు తెలిసినవే. చదివిన పుటను పిల్లలు మళ్ళీ తిప్పి చూసుకుంటే తప్ప పూర్తికాని పనులు మీరెవరైనా చేయించి ఉంటే దయచేసి వివరంగా రాయండి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

అమ్మా, మీరు 'మాలపల్లి'ని ఎంచుకున్నందుకు చాలా సంతోషం. 1922లో అచ్చయి, ప్రభుత్వ నిషేధానికి గురైన ఆ నవలను హైస్కూలు పిల్లల ముందు పెట్టడానికి చాలామంది వెనకాడతారు. భాగాలుగా చదివిస్తే మాత్రం పిల్లలు ఇట్టే అందుకుంటారు.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మొదటి పీరియడులో పాత్రకు ఎవరూ ఏ గుణమూ అంటగట్టకూడదు. ఆ మనిషి ఏం చేశాడు, అందుకు తాను చెప్పుకున్న కారణమేమిటి, ఇతరులు అతణ్ణి ఏమన్నారు అనే మూడు సంగతులను మాత్రమే, పుట సంఖ్యతో సహా, బల్లకొక కాగితం మీద రాయించేవాణ్ణి. మరుసటి పీరియడులో ఆ కాగితం పక్క బల్లకు వెళ్ళేది. అక్కడి పిల్లలు అందులో ఉన్న ఆధారాలు మాత్రమే చూసి ఒక గుణం పేరు చెప్పాలి. ఆధారం చాలదనిపిస్తే కాగితాన్ని వెనక్కి పంపాలి. ఇలా వెనక్కి వచ్చిన కాగితాల దగ్గరే అసలు చదువు మొదలయ్యేది, ఎందుకంటే ఇంకొక ఆధారం కోసం పుస్తకం తెరవక తప్పేది కాదు.

ఈ పనికి ఆ నవలలోని రామదాసు కొడుకులు వెంకటదాసు, సంగదాసు బాగా సరిపోతారు. ఒకే ఇంట్లో, ఒకే తండ్రి బోధల మధ్య పెరిగినా సంగదాసు కూలీల మధ్య శాంతంగా పనిచేస్తాడు. వెంకటదాసు, తమ్ముడి హత్య తరువాత, తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ధనవంతులను దోచి పేదలకు పంచుతాడు. తమ్ముడి చావు వెంకటదాసును మార్చిందా, లేక ముందునుంచీ అతనిలో ఉన్నదాన్నే బయటికి తెచ్చిందా అని అడగండి. జవాబు కోసం పిల్లలు హత్యకు ముందున్న పుటల్లో వెంకటదాసు మాటలు వెతకవలసి వస్తుంది. ఎటు తేల్చినా ఫరవాలేదు గానీ, ఆధారం ఆ ముందు పుటల్లోనిదై ఉండాలని పట్టుబట్టండి. ప్రతులు తక్కువైతే సంబంధించిన నాలుగైదు పుటలు జిరాక్సు తీయించి బల్లకొకటి ఇవ్వండి, చాలు.

జవాబు: ఆంగ్ల ఉపాధ్యాయిని, నెల్లూరు

మేడమ్ గారూ, గ్రాఫిక్ నవల విషయంలో నా సలహా 'భీమాయన'. అంబేడ్కర్ జీవితంలోని అంటరానితనపు అనుభవాలను దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు తెగ చిత్రకారులు బొమ్మలుగా వేయగా 2011లో వెలువడింది. ఇందులో మామూలు కామిక్స్‌లో లాగా నలుచదరపు గడులు కనిపించవు. దిగ్నా అనే గోండు అలంకార రేఖలే పుటను విడదీస్తాయి. పాత్రల అధ్యయనానికి మరింత పనికివచ్చేది మాటల బుడగల ఆకారం. మృదువుగా మాట్లాడేవారి మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి, విషం చిమ్మే మాటలకు తేలు కొండి ఉంటుంది, మనసులోని ఆలోచనకు కన్ను గుర్తు ఉంటుంది. అంటే, ఎవరి మాటలో ఏముందో చిత్రకారులే ఒక తీర్పు చెప్పేశారు. ఆ తీర్పును పిల్లల చేత పరీక్షింపజేయడమే నా పని.

పుస్తకం చూపకముందే, అంబేడ్కర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్న మసూర్ స్టేషను ఘట్టాన్ని చదివి వినిపిస్తాను. అది 1901 నాటి సంగతి. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి బయలుదేరిన బాల అంబేడ్కర్, తోటి పిల్లలు మసూర్‌లో రైలు దిగుతారు, తీసుకువెళ్ళడానికి ఎవరూ రారు. మంచి బట్టలు తొడుక్కున్న ఆ పిల్లలను స్టేషను మాస్టరు మొదట ఆదరంగానే పలకరిస్తాడు. తాము మహర్లమని (అంటరానివారిగా చూసిన కులం) బాల అంబేడ్కర్ చెప్పగానే స్టేషను మాస్టరు ముఖం మారిపోతుంది, లేచి తన గదిలోకి వెళ్ళిపోతాడు. ఇక్కడ చదవడం ఆపి, స్టేషను మాస్టరు మాటలకు బుడగ గీయమంటాను. దాదాపు అందరూ తేలు కొండే గీస్తారు.

ఆ తరువాత మిగతా భాగం చదువుతాను. అరగంట గడిచాక అదే స్టేషను మాస్టరు తిరిగి వచ్చి, ఏం చేయదలచుకున్నారని అడుగుతాడు. బండివాళ్ళెవరూ ఒప్పుకోకపోతే, పిల్లలే బండి తోలుకునేటట్టు, బండివాడు పక్కన నడిచేటట్టు, రెట్టింపు బాడుగ ఇచ్చేటట్టు ఏర్పాటు కుదిర్చేదీ అతడే. ఇప్పుడు ముందు గీసిన బుడగను ఉంచుతారా, మారుస్తారా అని అడిగితే తరగతి రెండుగా చీలిపోతుంది. మా తరగతిలో ఒక అమ్మాయి పక్షి బొమ్మ గీసి దాని తోక చివర కొండి పెట్టింది. ఎందుకలా అని అడిగితే, "సాయం చేశాడు గానీ తాకలేదు కదా టీచర్" అంది. పాత్ర స్వభావం మీద అంతకంటే మంచి వాక్యాన్ని నేను ఏ జవాబుపత్రంలోనూ చూడలేదు. చివరగా పుస్తకం తెరిచి చిత్రకారులు ఏం చేశారో చూపిస్తే, పిల్లలు ప్రతి గీతనూ ప్రశ్నిస్తూ చూస్తారు.

గడులున్న బొమ్మల కథ తీసుకుంటే ఇంకొక పని చేయించవచ్చు. గడికీ గడికీ మధ్య ఖాళీలో జరిగేదాన్ని పాఠకుడే ఊహతో పూరించుకుంటాడని కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. అటువంటి ఒక ఖాళీలో ఆ పాత్ర ఏం ఆలోచించి ఉంటుందో రెండు వాక్యాలు రాయమనండి. పక్క గడుల్లోని ముఖం, చేతులు ఆ వాక్యాలకు సాక్ష్యం చెప్పాలి.

జవాబు: తెలుగు ఉపాధ్యాయుడు, మార్కాపురం

పై ఇద్దరూ చెప్పినవి చాలా ఉపయోగకరమైనవి. పెద్దాయన గారి నియమంతో మాత్రం నాకు కొంత భేదం ఉంది. మాటలు కూడబలుక్కోవడమే కష్టమైన పిల్లలకు గుణం పేరు చెప్పవద్దంటే వారు అసలు నోరే విప్పరు. నేను వారికి తోచిన గుణాన్ని మొదటే చెప్పనిచ్చి, ఆ గుణానికి ఎదురుగా నిలిచే ఒక పనిని అదే పాత్రలో వెతికి తెమ్మంటాను. ఆంగ్ల నవలాకారుడు ఈ.ఎం. ఫార్‌స్టర్ 1927లో, ఒకే గుణం మీద నిలిచే పాత్రలనూ, నమ్మదగిన రీతిలో మనల్ని ఆశ్చర్యపరచగల పాత్రలనూ వేరుచేసి చూపాడు. వెతికినా ఎదురు సాక్ష్యం దొరకకపోతే అది మొదటి రకం పాత్ర కావచ్చునని పిల్లలే గ్రహిస్తారు.

పాత్రను కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పద్ధతి అందరికీ తెలిసినదే. అందులో చురుకైన పిల్లవాడు నటిస్తూ పోతాడు, మిగతావారు నవ్వుతూ కూర్చుంటారు. అందువల్ల కుర్చీకి ఇరువైపులా పుస్తకం పట్టుకున్న ఇద్దరిని సాక్షులుగా నిలబెడతాను. పాత్రధారి చెప్పినదానికి పుస్తకంలో ఆధారం లేదనిపిస్తే వారు చెయ్యెత్తి ఆపవచ్చు. ఉత్తమ పురుషలో సాగే 'బారిస్టర్ పార్వతీశం' వంటి నవలకు ఇది మరీ బాగుంటుంది. పార్వతీశం తన గురించి తాను చెప్పేది ఒకటి, చుట్టూ ఉన్నవాళ్ళ ప్రవర్తన వల్ల మనకు తెలిసేది ఇంకొకటి. ఆ తేడాను సాక్షులే బయటపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: తెలుగు ఉపాధ్యాయిని, కందుకూరు

అందరికీ కృతజ్ఞతలు. స్టేషను మాస్టరు ఘట్టానికి పుస్తకం ఒక్క ప్రతి ఉన్నా చాలు కాబట్టి ముందుగా తొమ్మిదో తరగతిలో దానితోనే మొదలుపెడతాను. వెంకటదాసు కాగితాలను దసరా సెలవుల తరువాత పదో తరగతికి ఇస్తాను. గుణం ముందా, ఆధారం ముందా అన్నది రెండు సెక్షన్లలో రెండు విధాలుగా చేయించి చూస్తాను. మార్కాపురం సార్‌కు ఒక ప్రశ్న: సాక్షులు ఆపినప్పుడు పాత్రధారి తన జవాబును మార్చుకోవచ్చా, లేక అక్కడితో కుర్చీ ఖాళీ చేయాలా? నెల్లూరు మేడమ్ గారి దగ్గర 'భీమాయన' ప్రతి ఉండి, ఒక వారం అరువు ఇవ్వగలిగితే నేనే వచ్చి తీసుకువెళతాను.