కాకటీల్ పిల్ల మేతసంచి ఖాళీ అవడం లేదు

సీతమ్మధార: మా కాకటీల్ (చిలుక జాతి పెంపుడు పక్షి) పిల్లకి మూడు వారాలు, బరువు 70 గ్రాములు. పొద్దున్న ఆరింటికి సిరంజితో పట్టిన ఫార్ములా (నీళ్లలో కలిపే మేతపొడి) మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా మెడ కింద సంచిలో మెత్తగా తగులుతోంది. మళ్లీ పట్టొచ్చా?

మద్దిలపాలెం: వద్దండీ. పాతదాని మీద కొత్తది పోస్తే మొత్తం పులుస్తుంది. ఈ వయసుకి నాలుగైదు గంటల్లో దాదాపు ఖాళీ అవ్వాలి. ఎంత వేడిగా పడుతున్నారు?

సీతమ్మధార: గోరువెచ్చగా. వేలు పెట్టి చూస్తున్నా.

మద్దిలపాలెం: అక్కడే వచ్చింది. థర్మామీటర్‌లో 39 నుంచి 41 డిగ్రీలు ఉండాలి. చల్లారితే అరుగుదల మందగిస్తుంది, 43 దాటితే సంచి లోపల కాలుతుంది. మైక్రోవేవ్ జోలికి పోకండి, ఒకచోట సలసలా, ఇంకోచోట చల్లగా ఉంటుంది. పూటకి 7 మిల్లీలీటర్లు చాలు. మిగిలింది పారబోయండి, ఈ ఉక్కలో ఇట్టే పాడవుతుంది.

గాజువాక: పిల్లకి చలేసినా అరగదు. వైజాగ్‌లో చెమటలు పడుతున్నాయి కదా అని పిల్ల పెట్టెని ఫ్యాన్ కింద పెట్టేస్తారు చాలామంది! ఈకలు పూర్తిగా విచ్చుకోలేదు కాబట్టి పెట్టెలో 28 డిగ్రీలు ఉండాలి. నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైనట్టు.

మద్దిలపాలెం: అవును. ఇంకోటి, సంచి నొక్కి కక్కించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిరంజి పిల్లకి ఎడమ పక్క నుంచి పెట్టి, మొన కుడివైపుకి తిప్పి, తల ఊపుతూ మింగుతున్నప్పుడే తోయండి. ఏడు గంటలైంది కాబట్టి ఇవాళే పక్షుల డాక్టరుకి చూపించండి. నోట్లోంచి పుల్లటి వాసనొస్తే సాయంత్రం దాకా కూడా ఆగొద్దు.